ఖర్చుల పట్టికలో చివరి గడి

మా నిధి నుంచి గ్రాంట్ తీసుకున్న పిల్లలు పని పూర్తయ్యాక ఒక రిపోర్ట్ ఇవ్వాలి. ఖర్చుల పట్టిక, రశీదులు, రెండు ఫోటోలు. పట్టిక అడుగున ఒక గడి ఉంటుంది. "అనుకున్నట్టు జరగనిది ఏమిటి?" అని దాని మీద అచ్చేసి ఉంటుంది. మొదట్లో ఆ గడి లేదు. అది ఎలా వచ్చిందో, వచ్చాక ఏం మారిందో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

నాది లెక్కల ఉద్యోగం. ముప్పై ఏళ్లు ఓచర్లు, బిల్లులు, ఆడిట్లతోనే గడిచాయి. రిటైరయ్యాక, పిల్లలు చేసే సేవా పనులకు చిన్న చిన్న గ్రాంట్లు ఇచ్చే ఒక నిధి వాళ్లు లెక్కలు చూసిపెట్టమంటే సరేనన్నాను. ఆరేళ్లవుతోంది. పదమూడు నుంచి పందొమ్మిదేళ్ల మధ్య పిల్లలు ఐదారుగురు జట్టుగా వచ్చి, తమ చుట్టూ ఉన్నవాళ్లకు పనికొచ్చే పని ఒకటి చెప్తారు. కమిటీ ఒప్పుకుంటే డబ్బు ఇస్తాం. పెద్ద మొత్తమేం కాదు. అయినా పదిహేనేళ్ల పిల్లకు సొంతానికి కాని డబ్బు తన చేతి మీదుగా నడవడం అదే మొదటిసారి. "పిల్లల్లో వ్యక్తిత్వం పెంపొందించడం" అని నిధి ఆశయాల్లో మొదటి వాక్యం. నేను చేరిన మొదటి ఏడాది ఆ వాక్యాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నా పని రశీదులు సరిచూడటం.

ఆ ఏడాది వచ్చిన రిపోర్టులన్నీ మచ్చలేకుండా ఉన్నాయి. ప్రతి ఖర్చుకూ రశీదు, ప్రతి మొత్తం బడ్జెట్‌తో అణా పైసలతో సహా సరిపోయింది. లెక్కల్లో ఇంతకాలం ఉన్నవాళ్లకు అంత శుభ్రమైన పట్టిక చూస్తే అనుమానం వస్తుంది. నిజమైన పనిలో ఖర్చు ఎక్కడో పెరుగుతుంది, ఎక్కడో మిగులుతుంది, ఒక బిల్లు పోతుంది. ఒక జట్టు ఇచ్చిన మూడు రశీదులు మూడు వేర్వేరు షాపులవి, మూడింటి మీదా చేతిరాత ఒక్కటే. ఆ జట్టు కుర్రాణ్ణి పిలిచి నెమ్మదిగా అడిగాను. అతను తడుముకోలేదు. "రశీదు లేకపోతే డబ్బు ఇవ్వరని, మళ్లీ అప్లై చేయడానికి కుదరదని మీ ఫారంలోనే ఉంది కదా ఆంటీ. మూడూ పోయాయి. అందుకని అన్నయ్య రాసిచ్చాడు" అన్నాడు. ముఖంలో తప్పు చేశానన్న భావం లేదు. ఫారం అడిగింది, తను ఇచ్చాడు.

ఆ డబ్బు నిజంగానే ఖర్చయింది. వాళ్లు పెయింట్ వేసిన గోడలు నేను కళ్లారా చూశాను. దొంగతనం జరగలేదు. కానీ వ్యక్తిత్వం కోసమని పెట్టిన కార్యక్రమం ఒక పిల్లవాడికి దొంగ రశీదు రాయించుకోవడం నేర్పింది. నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆ ఫారంలోని ఆ షరతు నేను సమర్థించిందే.

అప్పుడే చదవడం మొదలుపెట్టాను. 1928 నుంచి 1930 మధ్య హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు అమెరికాలో సుమారు 11,000 మంది పిల్లల మీద చేసిన పరిశోధనను మూడు సంపుటాలుగా ప్రచురించారు. పిల్లల నిజాయితీని మాటల్లో అడగకుండా, అవకాశం ఇచ్చి చూశారు. తమ పేపర్లు తామే దిద్దుకోమన్నారు, పజిళ్ల పెట్టెలో ఒక నాణెం ఉంచి తిరిగి వస్తుందో లేదో గమనించారు. ఒకచోట మోసం చేసిన పిల్ల ఇంకొకచోట చేయలేదు. ఒకచోట నిజాయితీగా ఉన్నవాడు మరోచోట జవాబు దిద్దుకున్నాడు. నీతి బోధించే సంఘాల్లో సభ్యులైనంత మాత్రాన పిల్లల నడత మెరుగ్గా ఉందని తేలలేదు. తర్వాతి పరిశోధకులు అదే సమాచారాన్ని మళ్లీ లెక్కవేసి, నిజాయితీ మొత్తం సందర్భాన్ని బట్టే ఉండదు, మనిషి లోపల కూడా కొంత స్థిరంగా ఉంటుందని చూపారు. ఆ దిద్దుబాటు న్యాయమైనదే. అయినా నాకు కావలసింది దొరికింది. పిల్ల ముందు మనం ఎలాంటి సందర్భం పెడుతున్నాం అన్నది చిన్న విషయం కాదు. మా ఫారం ఒక సందర్భం. అందులో నిజం చెప్తే శిక్ష, అబద్ధం చెప్తే మెప్పు.

కమిటీలో రెండు మీటింగులు దీని మీదే నడిచాయి. షరతు తీసేస్తే క్రమశిక్షణ పోతుందన్నారు కొందరు. వాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయలేదు, అది దాతల డబ్బు. చివరికి ఇలా తేల్చాం. మొత్తంలో పదో వంతు దాకా రశీదు లేకపోయినా ఫర్వాలేదు. ఏం కొన్నారో, రశీదు ఎందుకు లేదో రాసి జట్టంతా సంతకం చేయాలి. పట్టిక అడుగున ఆ కొత్త గడి పెట్టాలి. అందులో ఏం రాసినా అది తర్వాతి గ్రాంట్‌కు అడ్డు కాదని ఫారం మీదే అచ్చేయాలి. గడి ఖాళీగా వదిలేస్తే మాత్రం రిపోర్ట్ తిప్పి పంపాలి.

రెండేళ్ల కిందట సైకిళ్ల జట్టు వచ్చింది. ఆరుగురు. ఇళ్లలో మూలన పడి తుప్పు పడుతున్న సైకిళ్లు సేకరించి, బాగుచేసి, దూరం నుంచి స్కూలుకు నడిచి వచ్చే పిల్లలకు ఇస్తామన్నారు. పద్నాలుగు సైకిళ్లకు బడ్జెట్ వేసుకొచ్చారు. టైర్లు, ట్యూబులు, బ్రేక్ వైర్లు, చైన్లు, గ్రీజు. పనిముట్లు అప్పు తెచ్చుకుంటామన్నారు. లెక్కలు చూసే పిల్లకు పదిహేనేళ్లు. మాట తక్కువ, చేతిలో ఎప్పుడూ ఒక నోట్‌బుక్.

నాలుగు నెలల తర్వాత రిపోర్ట్ ఇచ్చింది ఆ పిల్లే. ఒక కవర్ కూడా నా ముందు పెట్టింది. మిగిలిన డబ్బు. పద్నాలుగు సైకిళ్లలో బాగైనవి తొమ్మిదే. చివరి గడి సరిపోక వెనక పేజీలో కూడా రాసింది. ఆ కాగితం నా దగ్గర కాపీ ఉంది. మూడు సైకిళ్ల ఫ్రేములు విరిగి ఉన్నాయని, తెచ్చుకునేటప్పుడే చూడాల్సిందని రాసింది. రెండింటికి సరిపడే రిమ్ములు దొరకలేదట. ఒక బిల్లు జేబులో ఉండగానే చొక్కా ఉతికేశారట. ఆ షాపాయన ఖాళీ బిల్లు ఇస్తాను, మీరే రాసుకోండి అంటే జట్టులో ఇద్దరు తీసుకుందామన్నారు, నలుగురు వద్దన్నారు. ఆ విషయం కూడా రాసింది. కింద ఆరుగురి సంతకాలు. తీసుకుందామన్న ఇద్దరివీ ఉన్నాయి.

"ఇదంతా రాయక్కర్లేదు కదమ్మా, బిల్లు పోయిందని రాస్తే చాలు" అన్నాను.

"మేం అరగంట గొడవపడ్డాం ఆంటీ. అనుకున్నట్టు జరగనిది అదే" అంది.

పాత ఫారంతో ఇదే పిల్ల, ఇదే జట్టు వచ్చి ఉంటే నా చేతికి పద్నాలుగు సైకిళ్ల లెక్క వచ్చేదేమో. పిల్ల మంచిదే. కానీ ఆ మంచికి నిలబడటానికి ఒక చోటు కావాలి. పిల్లలకు వ్యక్తిత్వం నేర్పాలని డబ్బు కేటాయించే ఎవరినైనా నేను మొదట అడిగేది ఇదే. తప్పు జరిగిందని చెప్పుకోవడానికి మీ కాగితాల్లో చోటు ఎక్కడుంది?

ఇక గ్రాంట్ ఎవరికివ్వాలో తేల్చే కమిటీ సంగతి. మొదట్లో అందరం పెద్దవాళ్లమే. ఇప్పుడు తొమ్మిది మందిలో ఆరుగురు పిల్లలు. ఈ ఆలోచన మాది కాదు. ఒక ప్రాంతంలోని దాతల డబ్బును ఒకచోట చేర్చి, ఆ ప్రాంతం అవసరాలకే ఖర్చుపెట్టే కమ్యూనిటీ ఫౌండేషన్ల పద్ధతి 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకర్‌తో మొదలైంది. ఎప్పుడో చనిపోయిన దాత రాసిన షరతులు కాలం చెల్లినా డబ్బును కట్టిపడేస్తున్నాయని ఆయన బాధ. అప్పుడున్న అవసరాన్ని అప్పుడున్న మనుషులే చూసి నిర్ణయించాలన్నాడు. డెబ్బై ఏళ్లు దాటాక మిషిగన్ రాష్ట్రంలో కెల్లాగ్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ ఆ మాటను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. ఆ రాష్ట్రంలోని కమ్యూనిటీ ఫౌండేషన్లకు డబ్బు ఇస్తూ ఒక షరతు పెట్టింది. యువత కోసం ఒక శాశ్వత నిధి పెట్టండి, దాని మీద వచ్చే ఆదాయం ఎవరికివ్వాలో చెప్పే కమిటీలో పిల్లలనే కూర్చోబెట్టండి అని. అలా పుట్టిన యూత్ అడ్వైజరీ కౌన్సిళ్లు ఆ రాష్ట్రమంతా పాకాయి. బోస్టన్ నగరం 2014లో బడ్జెట్‌లో 10 లక్షల డాలర్లు పక్కన పెట్టి, దేనికి ఖర్చుపెట్టాలో 12 నుంచి 25 ఏళ్ల వాళ్లనే ప్రతిపాదించమంది, వాళ్లచేతే ఓట్లు వేయించింది.

డబ్బు తీసుకునే పిల్ల కన్నా ఇచ్చే పిల్ల ఎక్కువ నేర్చుకుంటుందని ఇప్పుడు నా నమ్మకం. ఎందుకంటే ఇచ్చేవాళ్లు చాలాసార్లు లేదని చెప్పాలి. ఇరవై దరఖాస్తులు వస్తే ఎనిమిదికే డబ్బు ఉంటుంది. ఆ మిగిలిన పన్నెండులో చెడ్డవి ఉండవు. చెడ్డదాన్ని కాదనడం ఎవరికైనా తేలికే. మంచిదాన్ని కాదని ఇంకో మంచిదానికి ఇవ్వాల్సి వచ్చినప్పుడు పదహారేళ్ల పిల్ల ముఖం చూడాలి. ఒక మీటింగ్‌లో ఒకమ్మాయి నలభై నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చివర్లో "నేను మొదట చెప్పింది నాకు ఇష్టమైన పని కాబట్టి చెప్పాను. ఎక్కువ అవసరం ఉన్నది రెండోది" అని చెయ్యి దించేసింది. పెద్దవాళ్ల కమిటీల్లో ఇంతకాలం కూర్చున్నాను. ఆ మాట విన్న గుర్తు లేదు.

ఒకసారి ఒక కుర్రాడి చెల్లెలి జట్టు దరఖాస్తు పెట్టింది. సొంతవాళ్ల దరఖాస్తు వస్తే ముందే చెప్పి బయటికి వెళ్లాలని రూలుంది. అతను వెళ్లాడు. లోపల ఇరవై నిమిషాలు చర్చ, బయట వరండాలో అతను అటూ ఇటూ నడుస్తున్నాడు. ఆ జట్టుకు గ్రాంట్ రాలేదు. ఇంటికెళ్లి చెల్లెలికి ఏం చెప్పాడో నేను అడగలేదు. తర్వాతి మీటింగ్‌కు వచ్చాడు, ఫైల్ తెరిచాడు.

గ్రాంట్ రానివాళ్లకు ఇదివరకు రెండు లైన్ల ఉత్తరం వెళ్లేది. ఆ పద్ధతిని మార్చింది పిల్లలే. ఫోన్ చేసి కారణం చెప్పాలన్నారు. మొదటి ఫోన్ చేసిన అమ్మాయి చెప్పాల్సినవన్నీ కాగితం మీద రాసుకుంది. చేతులు వణుకుతున్నాయి. అవతలి వైపు ఏడుపు వినిపించింది. ఈ పిల్ల కాగితం పక్కన పెట్టేసి, "మీ పని బాగుంది. బడ్జెట్‌లో ఒక్కో వస్తువు ధర ఎంతో లేదు, అందుకే భయపడ్డాం" అంది. తర్వాత మా వైపు తిరిగి, వచ్చే విడతకు వాళ్ల బడ్జెట్ నేను సరిచూసి పెట్టొచ్చా, అలా చేస్తే నేను ఓటు వేయకూడదా అని అడిగింది. ఆ ప్రశ్నకు మా దగ్గర రూలు లేదు. ఆ రోజే రాసుకున్నాం. సాయం చేయొచ్చు, ఆ దరఖాస్తు మీద ఓటు వేయకూడదు.

మధ్యలో ఒక దాత, చాలా మంచి మనిషి, అన్నిటికన్నా బాగా చేసిన జట్టుకు కప్పు ఇద్దామన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలేయడం ఇష్టమైన చిన్నపిల్లల మీద చేసిన ప్రయోగం నా మనసులో ఉంది. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశపెట్టిన పిల్లలు, కొన్ని రోజుల తర్వాత వాళ్లంతట వాళ్లు బొమ్మలేయడం తగ్గించారు. ముందు చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో అలా తగ్గలేదు. గ్రాంట్ అంటే పనికి కావలసిన సరంజామా. బహుమతి అంటే పనికి కూలి. రెండూ డబ్బే అయినా పిల్ల మనసులో చేసే పని వేరు. అయితే పోటీ అంటే పూర్తిగా చెడ్డదని ఇప్పుడు అనను. 2002లో టొరంటోలో మొదలైన యూత్ అండ్ ఫిలాంత్రొపీ ఇనిషియేటివ్ గురించి తెలిసి కొంత మెత్తబడ్డాను. అక్కడ బడి పిల్లలు తమ ప్రాంతంలోని సేవా సంస్థల దగ్గరికి వెళ్లి, చూసి, తెలుసుకుని వచ్చి, ఆ సంస్థ తరఫున వాదిస్తారు. గెలిస్తే డబ్బు వెళ్లేది ఆ సంస్థకే, పిల్లలకు కాదు. ఇంకొకరి కోసం గెలవాలనుకోవడంలో పిల్లలు పోగొట్టుకునేది పెద్దగా ఉండదు. మా దగ్గర కప్పు మాత్రం పెట్టలేదు. ఆ దాత అర్థం చేసుకున్నారు, ఇప్పటికీ ఇస్తున్నారు.

నాకు ఎక్కువ బాధ కలిగించిన సంగతి వేరే ఉంది. మొదట్లో మా పద్ధతి, ముందు మీరు ఖర్చుపెట్టండి, బిల్లులు చూపిస్తే మేం ఇస్తాం అని. లెక్కల మనిషిగా నాకది చక్కగా కనిపించింది. రెండేళ్లు పోయాక దరఖాస్తులన్నీ ముందేసుకుని చూస్తే, వచ్చిన పిల్లలంతా ఇంట్లో డబ్బు సర్దగలిగిన వాళ్లే. చేతిలో డబ్బు లేని పిల్ల దరఖాస్తే పెట్టదు, కాబట్టి మేం ఎవరినీ కాదన్నట్టు కూడా ఉండదు. అడ్వాన్స్‌గా సగం, సగం పని అయ్యాక లెక్క చూపిస్తే మిగతా సగం అని మార్చాం. మైనర్ పేరు మీద చెక్కు ఇవ్వడం కుదరక జట్టు పక్కన ఉండే ఒక పెద్దవాళ్ల పేరు మీద ఇస్తాం. డబ్బు తీసిన ప్రతిసారీ పుస్తకంలో పిల్లల సంతకం ఉండాలి. ఇప్పుడు రాతలో వెనకబడిన వాళ్లు నోటితో చెప్పినా వింటాం. మేమే రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకుంటాం. నోటితో చెప్పిన వాటిలో వంకర మాటలు తక్కువ. "అక్కడ దీపం లేదు, అమ్మలు భయపడుతున్నారు" అని మొదలుపెడతారు.

జట్టు పక్కన ఉండే పెద్దవాళ్లతోనే ఇబ్బంది ఎక్కువ. ఒక దరఖాస్తు ఎంత బాగా రాశారో, పదాలు చూస్తేనే పిల్లలది కాదని తెలిసిపోయింది. అవగాహన ర్యాలీ, బ్యానర్లు, టోపీలు. ఇంటర్వ్యూలో పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన్ని కాసేపు బయట కూర్చోమని అడిగాం. పద్నాలుగేళ్ల పిల్లవాడు నెమ్మదిగా, "మేం వేరే అనుకున్నాం. బస్సు కోసం ముసలివాళ్లు నిలబడే చోట బల్ల వేద్దామని" అన్నాడు. బల్లకే ఇచ్చాం. యూరోపియన్ యూనియన్ వాళ్ల సాలిడారిటీ కోర్ అనే యువత సేవా కార్యక్రమంలో 18 నుంచి 30 ఏళ్ల వాళ్లు కనీసం ఐదుగురు కలిసి సొంతంగా ఒక పని చేపట్టొచ్చు, రెండు నుంచి 12 నెలల దాకా. కావాలంటే ఒక కోచ్‌ను పెట్టుకోవచ్చు, ఆ ఖర్చూ ఇస్తారు. కానీ ఆ కోచ్ జట్టులో సభ్యుడు కాదు, బయట నుంచి తోడు మాత్రమే. ఆ గీత చాలా అవసరం. చెయ్యి అందించడానికీ చేతిలోది లాక్కోవడానికీ మధ్య గీత అది.

వ్యక్తిత్వం ఎంత పెరిగిందో కొలిచి చూపించమని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అడగడం తప్పు కాదు. అమెరికా విద్యాశాఖ పరిశోధనా విభాగం 2010లో బడుల్లో నడిచే ఏడు వ్యక్తిత్వ కార్యక్రమాలను పరీక్షించి, సగటున చూస్తే ఫలితం కనిపించలేదని నివేదిక ఇచ్చింది. అలాంటి నిజాయితీ మాకూ ఉండాలి. మేం కూడా ఒకసారి పని ముందూ తర్వాతా ఒకే ప్రశ్నలు ఇచ్చి చూశాం. "నేను బాధ్యతగా ఉంటాను" అన్నదానికి మొదట్లో దాదాపు అందరూ ఐదుకు ఐదు వేసుకున్నారు. పని అయ్యాక మూడు, నాలుగు. చూసి కమిటీ కంగారుపడింది. ఏంజెలా డక్‌వర్త్, డేవిడ్ యేగర్ అనే మనస్తత్వ పరిశోధకులు 2015లో ఈ చిక్కు గురించే రాశారు. మనిషి తనను తాను కొలుచుకునే గజమే మారిపోతే మార్కులు పోల్చలేం అని. మా పిల్లలకు బాధ్యత అంటే ఏమిటో అప్పుడే తెలిసింది, అందుకే మార్కులు తగ్గించుకున్నారు. నాకు మాత్రం ఆ మూడు మార్కులు సంతోషాన్నిచ్చాయి. ఇప్పుడు దాతలకు ప్రశ్నపత్రాలు పంపడం లేదు. పిల్లలు ఒప్పుకుంటే చివరి గడి కాపీలు పేర్లు తీసేసి పంపుతున్నాం.

ఈ వారం ఒక చిక్కు ఉంది. ఒక జట్టు అడ్వాన్స్ తీసుకుని రిపోర్ట్ ఇవ్వాల్సిన తేదీ దాటి రెండు నెలలైంది. జట్టు నాయకుడు ఫోన్ ఎత్తడం లేదు. తోడున్న పెద్దావిడ ఊరు మారిపోయారు. పాత పద్ధతైతే నోటీసు పంపి, పేరు కొట్టేసేవాళ్లం. నిన్న మీటింగ్‌లో పిల్లలు అలా వద్దన్నారు. మనం వెళ్లి కలుద్దాం, ఖర్చయిపోతే అయిపోయిందని రాయించుకుందాం అన్నారు. మాట్లాడే పని సైకిళ్ల జట్టులో లెక్కలు చూసిన పిల్ల తీసుకుంది. ఇప్పుడు తనకు పదిహేడు, కమిటీలో చేరి ఏడాదైంది. ఖాళీ రిపోర్ట్ ఫారం ఒకటి, తన పాత రిపోర్ట్ కాపీ ఒకటి బ్యాగులో పెట్టుకుంది.

ఆదివారం పొద్దున వెళ్తున్నాం. నేను తోడు వస్తానన్నాను. "రండి ఆంటీ, కానీ మాట్లాడేది నేనే" అంది. ఒప్పుకున్నాను.